సీగల్, వీకే63, 7750: అరవైల నాటి రేసింగ్ క్రోనోగ్రాఫ్ తయారీకి ఏది మేలు?

1963లో రోలెక్స్ 6239 నంబరుతో తెచ్చిన డేటోనా, అదే ఏడాది హోయర్ తెచ్చిన కరేరా, రెండూ కారు పందేల కాలాన్ని కొలవడానికి పుట్టిన క్రోనోగ్రాఫ్‌లు, అంటే స్టాప్‌వాచీ కూడా కలిసిన వాచీలు. రెండింటి లోపలా ఉన్నది వాల్జూ 72 అనే, చేత్తో కీ ఇచ్చే యంత్రమే. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ సొంతంగా వాడిన 6239 వాచీ 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లు పలికింది. ఆ తరం వాచీ మనబోటి వాళ్లు ఆశపడదగ్గది కాదు కనుక, ఆ రూపాన్ని ఇష్టపడేవారు ఇప్పుడు దొరికే యంత్రం చుట్టూ కేసు, డయల్, ముళ్లు సమకూర్చుకుని సొంతంగా ఒకటి అమర్చుకుంటున్నారు. అందుకు ముఖ్యంగా మూడు యంత్రాలు పోటీపడుతున్నాయి: చైనావారి సీగల్ ఎస్‌టీ19, సీకో వారి వీకే63, స్విస్ వాల్జూ 7750 లేదా దాని చైనా నకళ్లు.

ఎక్కువమంది ధర చూసి నిర్ణయించుకుంటారు. నా దృష్టిలో ముందుగా చూడవలసినవి రెండే: వాచీ ముఖం మీది చిన్న డయళ్లు ఎక్కడ ఉన్నాయి, యంత్రం మందం ఎంత. ఈ రెండూ తరువాత మార్చుకోగలిగినవి కావు. గ్లాసు మార్చవచ్చు, పట్టీ మార్చవచ్చు, ముళ్లు సైతం మార్చవచ్చు. చిన్న డయల్‌లోని ముల్లు తిరిగే ఇరుసు స్థానాన్ని మాత్రం మార్చలేము.

పాత డేటోనాలో 9 దగ్గర మామూలు సెకన్లు, 3 దగ్గర 30 నిమిషాల లెక్క, 6 దగ్గర 12 గంటల లెక్క ఉంటాయి. వీకే63లోనూ చిన్న డయళ్లు 3, 6, 9 స్థానాల్లోనే ఉండటం వల్ల దూరం నుంచి చూస్తే ముఖం అచ్చం పాతదానిలాగే కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది: 9 దగ్గర 60 నిమిషాల లెక్క, 6 దగ్గర సెకన్లు, 3 దగ్గర 24 గంటల ముల్లు ఉంటాయి. ఆ 24 గంటల ముల్లు అసలు గంటల ముల్లుతో ముడిపడి తిరుగుతుందే తప్ప క్రోనోగ్రాఫ్‌తో దానికి సంబంధం లేదు. కాబట్టి పాత డయల్‌ను చూసి 3 దగ్గర 30 వరకు అంకెలు ముద్రించిన డయల్ కొని వీకే63 మీద బిగిస్తే ఆ ముల్లు చూపేదానికి అర్థమే ఉండదు.

7750 విషయంలో ఇబ్బంది ఇంకా పెద్దది. 1970ల తొలి భాగంలో రూపుదిద్దుకున్న ఈ యంత్రంలో చిన్న డయళ్లు 12, 6, 9 స్థానాల్లో ఉంటాయి. అది డెబ్బైల ముఖమే కానీ అరవైలది కాదు. అదే కుటుంబానికి చెందిన 7753లో 3, 6, 9 అమరిక ఉంది, కానీ ఖరీదు ఎక్కువ. 7750 నకలుకు అదనపు పళ్లచక్రాలు జోడించి సెకన్ల ముల్లును మరో చోటికి తరలించిన యంత్రాలు కూడా అమ్మకానికి వస్తాయి. చక్రం పెరిగిన కొద్దీ రాపిడి, అరుగుదల పెరుగుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇక మందం: 7750 ఒక్కటే 7.9 మి.మీ. ఉంటుంది. దాని పైన డయల్, ముళ్లు, గ్లాసు, కింద వెనక మూత చేరేసరికి, సుమారు 37 మి.మీ. వెడల్పున్న పాత రూపం మీద అది బొద్దుగా ఉబ్బి కనిపిస్తుంది. చొక్కా చేతి కింద ఇమడని క్రోనోగ్రాఫ్‌ను అరవైల వాచీ అనుకోవడం కష్టం.

సీగల్ ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. 1961లో చైనా వైమానిక దళానికి క్రోనోగ్రాఫ్ చేసే పనిని తియాన్‌జిన్ కర్మాగారానికి అప్పగించినప్పుడు, అది స్విట్జర్లాండ్‌లోని వీనస్ సంస్థ 175 యంత్రపు తయారీ పరికరాలను కొని మొదలుపెట్టింది. ఎస్‌టీ19 ఆ వంశంలోనిదే. మందం 6 మి.మీ. లోపే. చేత్తో కీ ఇవ్వాలి, గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, క్రోనోగ్రాఫ్‌ను నడిపించడానికి నిలువు పళ్లున్న స్తంభచక్రం ఉంటుంది. గాజు మూత వేసి వెనక్కి తిప్పి బటన్ నొక్కితే ఆ చక్రం ఒక్క పంటి మేర తిరగడం, దానితో మీట కదిలి ఒక పళ్లచక్రం ఇంకోదాని మీదికి ఒరగడం కళ్లారా చూడవచ్చు. 7750లో ఈ పని క్యామ్‌తో, అంటే మీటలను నెట్టేలా పలకగా కోసిన ముక్కతో, జరుగుతుంది. గట్టిదే, చూడముచ్చటైనది మాత్రం కాదు. రెండు చిన్న డయళ్ల ఎస్‌టీ1901లో 9 దగ్గర సెకన్లు, 3 దగ్గర 30 నిమిషాల లెక్క ఉంటాయి, అంటే పాత వాచీలో ఉన్న చోటనే ఉంటాయి. మూడు డయళ్ల రకం కావాలంటే మాత్రం 6 దగ్గరి ముల్లు ఏమి చూపుతుందో అమ్మేవారిని అడిగి తెలుసుకున్న తరువాతే డయల్ కొనాలి.

సీగల్‌కు లోపాలు లేకపోలేదు. కొత్త యంత్రంలోనే నూనె ఒకచోట ఎక్కువగా, ఇంకోచోట తక్కువగా ఉండవచ్చు. సున్నాకు తెచ్చినప్పుడు పెద్ద ముల్లు, అంటే డయల్ మధ్యలోని క్రోనోగ్రాఫ్ సెకన్ల ముల్లు, గీతకు కాస్త పక్కన ఆగవచ్చు. మన వీధి చివరి వాచీ మెకానిక్‌కు క్రోనోగ్రాఫ్ అలవాటు ఉండకపోవచ్చు. విడిభాగాలు ఒక్కొక్కటీ వెతకడం కంటే రెండో యంత్రం మొత్తంగా కొని దాచుకోవడమే తేలిక.

ఈ ఇబ్బందులేవీ పట్టని యంత్రం వీకే63. సమయం బ్యాటరీతో నడుస్తుంది, క్రోనోగ్రాఫ్ భాగం మాత్రం పాత పద్ధతిలో మీటలతో పనిచేస్తుంది. పెద్ద ముల్లు సెకనుకు 5 అడుగులు వేస్తూ సాగుతుంది, సున్నా బటన్ నొక్కగానే ఒక్క ఉదుటున వెనక్కి వస్తుంది. మొదటిసారి వాచీ అమర్చేవారికి, రోజూ పెట్టుకుని తిరిగేవారికి నేను దీన్నే సూచిస్తాను. రెండోసారికి, లేదా ఆదివారాలు తీరిగ్గా కీ ఇచ్చుకుంటూ మురిసిపోయే వాచీ కావాలనుకునేవారికి సీగలే మేలు.

సామాను తెప్పించుకోవడం మరో పని. ఇలాంటి కేసులు, డయళ్లు ఎక్కువగా షెన్‌జెన్, హాంకాంగ్ నుంచి వస్తాయి. 2020 నవంబరులో మన ప్రభుత్వం చైనా షాపింగ్ యాప్ అలీఎక్స్‌ప్రెస్‌ను నిషేధించిన తరువాత, ఇక్కడి వారికి ఈబే వంటి దారులు, లేదా అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులే మిగిలాయి. తెప్పించేటప్పుడు డయల్ మీద ఏ పేరూ లేకుండా చూసుకోవాలి. రూపం పోలి ఉండటం వేరు, రోలెక్స్ అన్న పేరు ముద్రించుకోవడం వేరు. ఇతరుల ట్రేడ్‌మార్కును అనుమతి లేకుండా సరుకు మీద వేస్తే 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 103వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అలాంటి సరుకును ఆపే అధికారం కస్టమ్స్‌కూ ఉంది.

ముళ్లను యంత్రం నంబరు చెప్పి, దానికే సరిపోయే జతగా కొనాలి; రంధ్రం వెడల్పు మి.మీ.లో పదో వంతు తేడా వచ్చినా ముల్లు జారుతుంది, లేదా ఇరుసు మీదికి దిగదు. బిగించేటప్పుడు ముందుగా సున్నా బటన్ నొక్కి, యంత్రం సున్నాలో నిలిచాకే పెద్ద ముల్లును 12కు ఎదురుగా పెట్టి తిన్నగా అదమాలి. పాతదనం కోసం గోధుమ వన్నె తిరిగిన అసలు పాత డయళ్లు, ముళ్లు కొనేవారు ఒక జాగ్రత్త పాటించాలి. అరవైల తొలినాళ్ల వరకు చీకట్లో మెరిసే పూతలో రేడియోధార్మికత ఉన్న రేడియం వాడేవారు. దాన్ని ఇంట్లో గీకితే లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మీగడ రంగు కొత్త పూత వేసిన ముళ్లు తక్కువ ధరకే దొరుకుతుండగా ఆ ప్రమాదాన్ని కొని తెచ్చుకోవలసిన అవసరం లేదు.