యుద్ధం తర్వాతి జర్మనీ రేడియో: బ్రిటిష్ పద్ధతి మేలా, అమెరికా పద్ధతి మేలా?

హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ చేతిలో రేడియో ఏమైందో చూశాక, దాన్ని మళ్లీ ఏ ప్రభుత్వానికీ చిక్కనివ్వకూడదని 1945 తర్వాత బ్రిటన్, అమెరికా రెండూ అనుకున్నాయి. పట్టిన దారులే వేరు. ఓడిన జర్మనీని గెలిచిన దేశాలు మండలాలుగా పంచుకున్నాయి. సోవియట్ మండలంలో ఈ చర్చకే తావు లేదు. 1952లో అక్కడి రేడియో మొత్తం ఒక ప్రభుత్వ కమిటీ కిందికి పోయింది.

ఒక పని ఇద్దరూ సరిగ్గా చేశారు. అంతకుముందు ట్రాన్స్‌మిటర్లు తపాలా శాఖవి. స్టూడియో ఎవరిదైనా, ట్రాన్స్‌మిటర్ ప్రభుత్వానిదైతే ప్రసారం దాని దయ. అందుకే వాటిని ప్రసార సంస్థలకే అప్పగించారు. ఖర్చులకు శ్రోత నెలకు 2 మార్కులు కట్టేవాడు, ఖజానాను అడగాల్సిన పని లేదు.

బ్రిటిష్ వాళ్లది బీబీసీ నమూనా: మండలమంతటికీ హాంబర్గ్ నుంచి ఒకే సంస్థ, ఎన్‌డబ్ల్యూడీఆర్ (వాయవ్య జర్మనీ రేడియో). 1946లో దాని పగ్గాలు బీబీసీకి చెందిన హ్యూ కార్ల్‌టన్ గ్రీన్‌కి ఇచ్చారు. డబ్బుకు, మంచి కార్యక్రమాలకు లోటుండేది కాదు. లోపమల్లా పాలక వ్యవస్థలో ఉంది. 1948 చట్టం ప్రధాన కమిటీలో రాష్ట్రాల ముఖ్యమంత్రులకు కూడా కుర్చీలు వేసింది. వాళ్ల వెంట పార్టీలొచ్చాయి, ఆ కమిటీ ఎన్నుకునే పాలక మండలిలో పదవులు పార్టీల వాటాలయ్యాయి. హాంబర్గ్ పెత్తనం సంస్థ మరో కేంద్రమైన కొలోన్‌కు మింగుడుపడలేదు. 1956 నాటికి సంస్థ రెండయింది.

అమెరికా మండలంలో మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్, బ్రెమెన్‌లకు వేర్వేరు సంస్థలు. ప్రభుత్వానికి ఎక్కువ చోటిచ్చిన ముసాయిదా చట్టాలను సైనిక పాలకులు ఒప్పుకోలేదు. చర్చిలు, కార్మిక సంఘాలు, విశ్వవిద్యాలయాల ప్రతినిధులతో రేడియో మండళ్లు ఏర్పడ్డాయి. బ్రెమెన్ లాంటి చిన్న చోట రుసుములతో గడవడం కష్టమే. అయినా నా ఓటు దీనికే: ఒక్క కుర్చీని పట్టుకుంటే దేశం రేడియో అంతా చేతికొచ్చే వీలు ఇందులో లేదు. 1961లో పశ్చిమ జర్మనీ ఛాన్స్‌లర్ అడెనావర్ కేంద్రం తరఫున పెట్టబోయిన టీవీ సంస్థను రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది కూడా ప్రసారాలు రాష్ట్రాల పరిధిలోవి అనే కదా.

పరాయి పెత్తనం అసలు దెబ్బ కొట్టింది ఫ్రీక్వెన్సీల దగ్గర. యూరప్ దేశాలకు రేడియో ఫ్రీక్వెన్సీలు పంచిన 1948 కోపెన్‌హాగెన్ సమావేశంలో మీడియం వేవ్‌లో జర్మనీకి దక్కింది స్వల్పం. దాంతో ఎఫ్‌ఎం వైపు తిరిగారు. 1949 ఫిబ్రవరి 28న మ్యూనిక్‌లో మొదలైంది. పాత సెట్లలో ఆ బ్యాండు లేదు, ఒకట్రెండు వాల్వుల (వాక్యూమ్ ట్యూబుల) చవక అడాప్టర్ బిగించుకోవాలి. సిగ్నల్‌ను తనలోకే తిప్పి పెంచుకునే సూపర్ రీజనరేటివ్ రకమైతే అదే చిన్న ట్రాన్స్‌మిటర్‌లా సిగ్నల్ వెదజల్లి పక్కింటి రేడియోలో బుస్సుమనేది. దానికి, ఏరియల్‌కు మధ్య ఒక ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) వాల్వు పెడితే ఆ బెడద తగ్గేది, ధర పెరిగేది.