రెండు వైపుల పోలీసులుండే థ్రిల్లర్లు: ఏది మేలు?

తగువులో ఉన్న రెండు దేశాల పోలీసులు ఒకే కేసు మీద పడే కథలంటే నాకు పిచ్చి. కానీ వీటిలో చాలావాటిది ఒకటే దారి: మొదటి అరగంట కొట్టుకుంటారు, తర్వాత కలిసి తాగుతారు, చివర్లో ఒకడి కోసం ఇంకొకడు తూటాకి అడ్డం పడతాడు.

2017లో వచ్చిన కొరియా సినిమా ‘కాన్ఫిడెన్షియల్ అసైన్‌మెంట్’ ఇంచుమించు ఈ బాపతే. ఉత్తర కొరియా పోలీసు పైకి చెప్పేది నేరస్తుడి కోసం వచ్చానని, అసలు పని దొంగనోట్ల అచ్చు పలకలు పట్టుకుపోవడం. దక్షిణం వాడికేమో వాణ్ణి కనిపెట్టుకుని ఉండమని పైనుంచి ఆర్డరు, అందుకే ఇంటికి తీసుకెళ్లి మరీ ఆతిథ్యమిస్తాడు. ఒకే కంచం దగ్గర కూర్చుని అబద్ధాలాడుకునే ఆ భాగం బాగుంది, తర్వాత ఛేజింగుల గోల ఎక్కువైంది.

2011 నాటి డెన్మార్క్-స్వీడన్ సిరీస్ ‘ది బ్రిడ్జ్’లో అసలు శత్రుత్వమే లేదు. వంతెన మీద సరిగ్గా సరిహద్దు గీత దగ్గర శవం, తీరా చూస్తే పైసగం ఒకామెది, కింది సగం ఇంకొకామెది. గుండె పేషెంటు ఉన్న అంబులెన్సుని డెన్మార్క్ పోలీసు పోనిస్తాడు, రూల్ ఒప్పుకోదని స్వీడన్ పోలీసామె అతని మీద రిపోర్టు రాస్తుంది. టెన్షన్ అంతా అక్కడే పుడుతుంది, తుపాకీ తీయకుండానే.

నా ఓటు మాత్రం 2000లో పార్క్ చాన్-వుక్ తీసిన ‘జాయింట్ సెక్యూరిటీ ఏరియా’కే. సరిహద్దులో కాల్పులు, ఇద్దరు ఉత్తర కొరియా సైనికుల చావు, రెండు వైపులా రెండు వాంగ్మూలాలు, ఏదీ తూటాల లెక్కకి సరిపోదు. దర్యాప్తుకొచ్చిన స్విట్జర్లాండ్ ఆఫీసరమ్మ ఎవరి గుమ్మం ఎక్కాలన్నా వాళ్ల అనుమతి కావాలి. నిజం బయటికి రాకపోతేనే ఇద్దరికీ సుఖం. కూతవేటు దూరంలో శత్రువులున్న చోట దర్యాప్తు అలాగే కదా నడిచేది, పాటలు పాడుకుంటూ నడుస్తుందా?

మా విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొండెక్కితే కొటియా ఊళ్లు. 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి, తగువు ఇప్పటికీ తెగలేదు. అక్కడ చాలామందికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. అలాంటి చోట ఒక శవం దొరికిందనుకోండి, సాలూరు నుంచి ఒక జీపు, ఒడిశా వైపు పొట్టంగి నుంచి ఒక జీపు. ఎవరైనా ఈ కథ రాస్తే ఇద్దరు ఎస్సైలనీ దోస్తులు చేసేయకండి బాబూ. ఎవరి కార్డు వాళ్లకి చూపించి, ఇద్దరికీ రాని కువి అనే గిరిజన భాషలో జవాబు చెప్పే ఆ ముసలి సాక్షి దగ్గరే కథంతా ఉంది.