ఓటున్న ఫ్యాన్: వింబుల్డన్ డాన్స్ ట్రస్ట్ మెంబర్‌షిప్ మీద నా రివ్యూ

రెండోసారి రెన్యువల్ చేసేశా, కాబట్టి ఇప్పుడు రాస్తే నా మాటకి కాస్త విలువ ఉంటుంది అనిపించింది. లండన్‌లో మన తెలుగోళ్ళ గ్రూపుల్లో ఫుట్‌బాల్ మెంబర్‌షిప్ ఏది తీసుకుంటే బాగుంటుంది అని నెలకోసారి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అందరూ ఆ నాలుగైదు పెద్ద క్లబ్‌ల పేర్లే చెప్తారు, నేను చెప్పేది మాత్రం డాన్స్ ట్రస్ట్ గురించి. డాన్స్ (Dons) అంటే నాట్యం కాదు, లండన్‌లోని ఏఎఫ్‌సీ వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్ ముద్దుపేరు, ఈ ట్రస్ట్ ఆ క్లబ్‌లో మెజారిటీ వాటా ఉన్న ఫ్యాన్స్ సంఘం. ముందే ఒక మాట, ఇది టికెట్ మెంబర్‌షిప్ కాదు, సీజన్ టికెట్ వేరే కొనుక్కోవాలి. ఏడాదికి ఒక జెర్సీ కంటే చాలా తక్కువ కట్టి మీరు ఆ సంఘంలో సభ్యులవుతారు, క్లబ్‌లో ఏం జరుగుతుందో మీకు చెప్తారు, బోర్డుని మీరే ఎన్నుకుంటారు, పెద్ద నిర్ణయం వస్తే మీ ఓటు అడుగుతారు. ఎన్ని డబ్బులున్నా మనిషికి ఒక్కటే ఓటు.

ఇందులో ఏముంది గొప్ప అంటారేమో. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది నేను కూడా ఒక పెద్ద క్లబ్ మెంబర్‌షిప్ తీసుకున్నా, పేరు అనవసరం. పన్నెండు నెలల్లో నాకు వచ్చిన మెయిల్స్ అన్నీ కొత్త జెర్సీ, మూడో జెర్సీ, పండగ ఆఫర్, స్టేడియం టూర్ డిస్కౌంట్. ఒకసారి మ్యాచ్ శనివారం నుంచి సోమవారం రాత్రికి మారింది, నేను అప్పటికే ఆఫీసులో లీవ్ పెట్టుకుని కూర్చున్నా, ఆ మార్పు నాకు తెలిసింది వాట్సాప్‌లో ఫ్రెండ్ చెప్తే. మెయిల్ పెట్టి అడిగితే మీ అభిప్రాయం మాకు చాలా ముఖ్యం అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, దాని తర్వాత ఇంకేం రాలేదు. అప్పుడే అర్థమైంది, అక్కడ నా కార్డు నంబర్ తప్ప నేను ఎవరో వాళ్ళకి అక్కర్లేదు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మెంబర్‌షిప్ నాకు ఎందుకంత దగ్గరైందో అది చెప్పకపోతే తెలీదు. నాది లింగంపల్లి. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, హైదరాబాద్ ఎఫ్‌సీ వర్సెస్ కేరళ బ్లాస్టర్స్, మ్యాచ్ 1-1, పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో గెలిచాం. ఆ రాత్రి మా హాస్టల్‌లో ఎవరూ పడుకోలేదు. తర్వాతి సీజన్‌లో గచ్చిబౌలి స్టేడియంకి ఎన్నిసార్లు పోయానో నాకే లెక్క లేదు, పసుపు జెర్సీ వేసుకుని బస్సెక్కితే జనం క్రికెట్ టీమా అని అడిగేవాళ్ళు, కాదన్నా మన ఊరి ఫుట్‌బాల్ టీమ్ అని చెప్పడంలో ఒక ఆనందం ఉండేది. ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. ఆ వార్త చదివిన రోజు నేను దక్షిణ లండన్‌లో టూటింగ్‌లో ఉన్నా, ఫోన్ పక్కన పెట్టేసి చాలాసేపు ఊరికే నడిచా.

సరిగ్గా ఆ వారమే ఏఎఫ్‌సీ వింబుల్డన్ స్టేడియం ప్లౌ లేన్‌లో మ్యాచ్ ఉంటే, పక్క సీటు పెద్దాయనకి ఈ సంగతి చెప్పా. ఆయన వెంటనే ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేశాడు. క్లబ్ తరలిపోతే ఎట్లా ఉంటుందో ఆయనకి తెలుసు కదా మరి. 2002 మే 28న ముగ్గురు సభ్యుల కమిషన్ ఒకటి అప్పటి వింబుల్డన్ ఎఫ్‌సీని మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి ఒప్పేసుకుంది. దాదాపు 90 కిలోమీటర్లు, మనకైతే హైదరాబాద్ నుంచి నల్గొండ అంత దూరం. 1988లో వెంబ్లీలో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్ అది. ఊరంతా వద్దన్నా వినలేదు. అయితే ఫ్యాన్స్ ఏడుస్తూ కూర్చోలేదు, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంతంగా కొత్త క్లబ్ పెట్టుకున్నారు, వింబుల్డన్ కామన్ మైదానంలో ట్రయల్స్ పెడితే 230 మంది దాకా ఆటగాళ్ళొచ్చారు, ఆ జూలై 10న సట్టన్‌లో మొదటి మ్యాచ్ ఆడి 4-0తో ఓడిపోయారు, అయినా చూడ్డానికి 4,657 మంది వచ్చారు. ఎక్కడో కింద తొమ్మిదో అంచె లీగ్‌లో మొదలుపెట్టి తొమ్మిది సీజన్లలో ఐదు ప్రమోషన్లు కొట్టి 2011లో మళ్ళీ ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే నాలుగో అంచెకి, వచ్చేశారు. ఆ ట్రయల్స్ రోజు మైదానంలో కుర్చీలు మోసిన వాళ్ళలో ఈ పెద్దాయన ఒకడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నా అంటే, ఈ క్లబ్‌లో ఫ్యాన్స్‌తో మాట్లాడ్డం అనేది మార్కెటింగ్ వాళ్ళ పని కాదు. తమకి చెప్పకుండా, తమ మాట వినకుండా క్లబ్‌ని ఎత్తుకుపోతే ఏమవుతుందో చూసినవాళ్ళు కట్టుకున్న ఇల్లు ఇది, అందుకే తలుపు అట్లా తెరిచి పెట్టుకున్నారు.

సరే, సభ్యుడిగా నాకు నిజంగా ఏం దొరికిందో చెప్తా. మొదటిది భాష. వచ్చే మెయిల్స్ మామూలు మనిషి రాసినట్టు ఉంటాయి. డబ్బు ఎంత వచ్చింది, దేనికి పోతోంది, లోటు ఎక్కడుంది, ఇవన్నీ ఉంటాయి, మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త భయమేసింది కూడా, ఇంత లోపలి సంగతి మనకెందుకు చెప్తున్నారు అని, ఆ తర్వాత అర్థమైంది ఓటు వెయ్యాల్సింది మనమే కాబట్టి అని. బోర్డు మీటింగ్ మినిట్స్ పెడతారు, బద్ధకం లేకపోతే చదువుకోవచ్చు. బోర్డులో ఉండేది జీతగాళ్ళు కాదు, మనలాంటి సభ్యులే, పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఈ పని చేస్తారు. మెంబర్ల మీటింగ్‌కి మొదటిసారి పోయినప్పుడు నేను వెనక వరసలో నక్కి కూర్చున్నా, ఇంగ్లీష్ యాస కూడా సగం అర్థం కాలేదు, కానీ ఎవరైనా లేచి ప్రశ్న అడిగితే అది ఎంత చిన్నదైనా, టాయిలెట్ దగ్గర క్యూ గురించైనా సరే, ముందు కూర్చున్నవాళ్ళు రాసుకుని జవాబు చెప్పడం చూశా. మూడో మీటింగ్‌లో నేనూ లేచి అడిగా. కొత్తగా వచ్చిన వాళ్ళకి, ఈ చరిత్ర తెలియని వాళ్ళకి మొదటి మ్యాచ్ రోజు ఎవరైనా తోడుంటే బాగుంటుంది కదా అని. గొంతు వణికింది కానీ అడిగేశా. మీటింగ్ అయ్యాక ఇద్దరు వచ్చి నా నంబర్ తీసుకున్నారు, ఆ నెలే ఫోన్ చేశారు.

అసలు పరీక్ష మాత్రం కష్టం వచ్చినప్పుడు ఉంటుంది. 2019 డిసెంబర్‌లో, నేను రాకముందు సంగతి, ప్లౌ లేన్‌లో ఈ కొత్త స్టేడియం కడుతుండగా మధ్యలో మిలియన్ల పౌండ్లు తక్కువ పడ్డాయి. బయటి పెట్టుబడిదారులకి వాటా ఇవ్వడం ఒక దారి, అట్లా చేస్తే ఫ్యాన్స్ పట్టు తగ్గుతుంది. వేరే చోటైతే సంతకాలు అయిపోయాక ప్రెస్ నోట్ వచ్చేది. ఇక్కడ ఆ లెక్క సభ్యుల ముందు పెట్టాల్సి వచ్చింది, మీటింగ్ బాగా వేడెక్కింది, చివరికి ఫ్యాన్సే బాండ్ స్కీమ్ ఒకటి ఆలోచించి మనమే అప్పిద్దాం అన్నారు. 2020 మొదట్లో ఆ ప్లౌ లేన్ బాండ్‌తో ఐదు మిలియన్ పౌండ్లకి పైనే వచ్చాయి. ఆ నవంబర్ 3న సొంతూరికి తిరిగొచ్చి డాంకాస్టర్‌తో మొదటి మ్యాచ్ ఆడారు, 2-2, కానీ కోవిడ్ వల్ల స్టేడియంలో ఒక్క ప్రేక్షకుడు లేడు. దాచుకున్న డబ్బులు తీసి ఇచ్చినవాళ్ళు ఇంట్లో స్క్రీన్ మీద చూసుకున్నారు. పెద్దాయన ఆ రోజు జెర్సీ, మఫ్లర్ వేసుకుని సోఫాలో కూర్చుని ఏడ్చాడంట.

నేను కళ్ళారా చూసింది 2024 సెప్టెంబర్‌ది. కుండపోత వాన, పక్కనున్న వాండిల్ నది పొంగింది, గ్రౌండ్‌లో ఒక వైపు పచ్చిక కింద నేల కుంగిపోయి కార్పెట్ మడతపడినట్టు అయిపోయింది. అప్పుడే న్యూకాజిల్‌తో కరబావ్ కప్ (ఇంగ్లండ్ లీగ్ కప్) మ్యాచ్ ఉండె, ఇంటి దగ్గర అంత పెద్ద టీమ్‌తో ఆడే అవకాశం ఎన్నాళ్ళకోసారి వస్తుంది చెప్పండి, అది న్యూకాజిల్‌కే మార్చాల్సి వచ్చింది. ఇంత నష్టం జరిగింది, ఇట్లా ఉంది పరిస్థితి అని క్లబ్ ఫొటోలతో సహా చెప్పేసరికి ఎవరికీ పుకార్ల అవసరం రాలేదు. ఫ్యాన్స్ మొదలుపెట్టిన చందా చూస్తుండగానే లక్ష పౌండ్లు దాటింది, న్యూకాజిల్ క్లబ్ కూడా 15,000 పౌండ్లు ఇచ్చింది. నేనిచ్చింది ఇరవై పౌండ్లే, ఆ నెల రెంట్ కట్టాక మిగిలింది అంతే, కానీ 2025 మే 26న వెంబ్లీలో వాల్సాల్‌ని 1-0తో ఓడించి మూడో అంచె అయిన లీగ్ వన్‌కి ప్రమోట్ అయినప్పుడు ఆ ఇరవై పౌండ్లు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

పోలిక కోసం ఒక్కటి చెప్తా. 2018లో లీడ్స్ యునైటెడ్ కొత్త లోగో విడుదల చేసింది, అంతకుముందు వేలమందిని సంప్రదించాం అని కూడా చెప్పింది, అయినా గంటల్లోనే వేలాది మంది పిటిషన్ మీద సంతకాలు పెట్టేసరికి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కార్డిఫ్ సిటీ 2012లో నీలం జెర్సీని ఎరుపు చేసి 2015లో మళ్ళీ నీలానికి వచ్చింది. అడగడం వేరు, అడిగినట్టు చూపించడం వేరు, ఫ్యాన్స్‌కి ఆ తేడా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో 2025 జూలైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది, లోగో, హోమ్ జెర్సీ రంగు లాంటి వాటిలో ఫ్యాన్స్ మాట వినాలని, స్టేడియం మార్చాలంటే రెగ్యులేటర్ ఒప్పుకోవాలని అందులో ఉంది. మన దగ్గర కూడా అట్లాంటిది రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా.

ఎవరికి సూట్ కాదో కూడా చెప్పాలి. పెద్ద స్టార్లు కావాలంటే ఇక్కడ దొరకరు. డబ్బు ముచ్చట్లు, బడ్జెట్ లెక్కలు మీకు బోర్ అయితే మీటింగ్‌లు లాగినట్టు అనిపిస్తాయి, రెండు గంటలు పైనే పడుతుంది ఒక్కోసారి. స్టేడియం చిన్నది, తొమ్మిది వేల పైచిలుకు మంది పడతారు, ముఖ్యమైన మ్యాచ్‌లకి టికెట్ ముందే చూసుకోండి. అట్లనే కొత్తగా చదువుకోడానికి వచ్చినవాళ్ళు, వారానికి ఇరవై గంటలు షిఫ్ట్ చేసుకుంటూ ఉన్నవాళ్ళు ముందు ఒకట్రెండు మ్యాచ్‌లు చూసి మనసైతేనే చేరండి, తొందరేం లేదు.

నా రేటింగ్ ఐదుకి ఐదు. హేడన్స్ రోడ్ స్టేషన్ నుంచి నడిచేంత దూరమే, నేనైతే టూటింగ్ బ్రాడ్‌వేలో దిగి, అక్కడి సౌత్ ఇండియన్ హోటల్‌లో దోశ తిని, ఫిల్టర్ కాఫీ తాగి నడుచుకుంటూ పోతా. పెద్దాయనకి కూడా మసాలా దోశ అలవాటు చేశా, ఇప్పుడు ఆయనే ముందు వచ్చి కూర్చుంటున్నాడు. మొదటిసారి వచ్చేవాళ్ళెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, స్టేషన్ బయట పసుపు నీలం మఫ్లర్ వేసుకుని నిలబడి ఉంటా.