రేటు మారినా టోటల్ మారని ఎక్సెల్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

రొయ్యల లెక్కలకి ఎక్సెల్ ఏళ్లుగా వాడుతున్నా, లిబ్రే ఆఫీస్, గూగుల్ షీట్స్ కూడా పక్కన పెట్టుకునే ఉన్నా. మూడింటిలో ఎక్సెల్లే గట్టిది. కానీ ఫార్ములా ఉన్నట్టుండి లెక్క కట్టడం ఆపేయడం కూడా దాంట్లోనే ఎక్కువ చూశా. ఎర్రర్ ఏమీ రాదు, పాత అంకె దర్జాగా అక్కడే కూర్చుని ఉంటుంది.

నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు వైపు గుంటల్లో రొయ్యల పట్టుబడి అయితే కౌంట్‌ని బట్టి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి, రేటు కట్టి, మేత బాకీ, అడ్వాన్సు తీసేసి రైతుకి చీటీ ఇవ్వాలి. రేట్లన్నీ ఒక షీట్‌లో ఉంటాయి, అక్కడ మారిస్తే చీటీలన్నీ మారాలి. మారకపోతే రైతు నోటిలెక్కతోనే పట్టేస్తాడు, "ఏందన్నా, నలభై కౌంట్‌కి నిన్నటి రేటే ఏశావే" అని.

మా ఆఫీసులో ఇది మొదలైంది ఆడిటర్ దగ్గర్నించి వచ్చిన ఒక ఫైల్‌తో. దాంట్లో కాలిక్యులేషన్ మాన్యువల్‌లో ఉంది, అంటే మనం చెప్తే తప్ప లెక్క కట్టదు. వేల వరుసల ఫైల్ అయితే, పైగా ఏ సెల్ మారినా ప్రతిసారీ మళ్లీ లెక్క కట్టే ఇన్‌డైరెక్ట్, ఆఫ్‌సెట్ లాంటి ఫంక్షన్లు నింపేసి ఉంటే, ఒక్క సెల్ మార్చినా కంప్యూటర్ బిగుసుకుపోతుంది, అందుకే కొందరు మాన్యువల్‌లో పెట్టుకుంటారు, అది వాళ్ల అవసరం. చిక్కేంటంటే ఎక్సెల్ ఈ సెట్టింగ్‌ని ఫైల్‌కి విడివిడిగా చూడదు. ముందు ఏ ఫైల్ తెరిస్తే దాని సెట్టింగే తర్వాత తెరిచిన ఫైళ్లన్నిటికీ, వాటిని సేవ్ చేస్తే వాటిలోకీ ఎక్కేస్తుంది. అచ్చం అంటురోగమే. ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కి ఈ పద్ధతి ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు.

కాబట్టి ఫార్ములాని అనుమానించే ముందు కింద ఎడమ మూల స్టేటస్ బార్ చూడండి. 'కాలిక్యులేట్' అని ఉంటే లెక్క పెండింగ్‌లో ఉన్నట్టే. ఎఫ్9 కొడితే తెరిచిన ఫైళ్లన్నీ లెక్క కడతాయి, షిఫ్ట్ ఎఫ్9 ఆ ఒక్క షీట్‌కే. అది అప్పటికి మాత్రమే. ఫార్ములాస్ ట్యాబ్‌లో కాలిక్యులేషన్ ఆప్షన్స్‌కి వెళ్లి ఆటోమేటిక్ పెట్టి సేవ్ చేస్తేనే పీడ వదులుతుంది. అప్పటికీ మొండికేస్తే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్9, మారినవీ మారనివీ అన్నీ మళ్లీ కడుతుంది.

సెట్టింగ్ ఆటోమేటిక్‌లోనే ఉండి టోటల్ తప్పు వస్తోందా, అది వేరే గొడవ. వాట్సాప్‌లో వచ్చిన తూకాలు కాపీ చేసి అతికిస్తే ఒక్కోసారి అంకెలు టెక్స్ట్‌గా పడతాయి, ఎడమవైపుకి జరిగి ఉంటాయి, మూలన పచ్చ త్రికోణం కూడా రావచ్చు. సమ్ ఫంక్షన్ వాటిని లెక్కలోకే తీసుకోదు, తమాషా ఏంటంటే అవే సెల్స్‌ని ప్లస్ గుర్తుతో కూడితే మాత్రం కలుపుతుంది! ఆ కాలమ్ ఎంచుకుని డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ నొక్కి ఫినిష్ అనండి, సరిపోతుంది. జవాబు బదులు ఫార్ములానే కనబడుతుంటే ఆ సెల్ టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. ఉంటే జనరల్‌కి మార్చి, ఎఫ్2 కొట్టి ఎంటర్ నొక్కాలి, ఉత్త ఫార్మాట్ మారిస్తే చాలదు.

లిబ్రే ఆఫీస్ ఉచితం, చిన్న లెక్కలకి బాగుంది. దాంట్లోనూ డేటా మెనూలో ఆటో కాలిక్యులేట్ ఆగిపోయి ఉండొచ్చు. ఎక్సెల్ ఫైల్ తెరిచి అంకెల మీద అనుమానం వస్తే కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్9 కొట్టేస్తా. గూగుల్ షీట్స్‌లో మాన్యువల్ అనేదే లేదు, ఈ టెన్షన్ అసలుండదు, కానీ గుంటల దగ్గర సిగ్నల్ దేవుడి దయ.

ఇన్ని చెప్పినా ఎక్సెల్ వదల్లేదు. పొద్దున్నే మా రేట్ల ఫైల్ ముందు తెరుస్తా, బయటి నుంచి వచ్చిన ఫైల్ ఏదైనా దాని తర్వాతే.