మోకాళ్ళ నొప్పికి కొన్న ‘మూలికల’ మాత్రలు మా అమ్మ వెన్నుపూసను దెబ్బతీశాయి. కొనేముందు ఇది చదవండి

మోకాళ్ళ నొప్పులకని, కీళ్ళవాతానికని ఆన్‌లైన్‌లో ‘పూర్తిగా మూలికలే, సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అంటూ అమ్మే మాత్రలు కొనాలనుకుంటున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళకు ముందే ఒక మాట: ఇది చదివి భయపడి ఈరోజే ఆపేయకండి. ఎందుకో కింద రాశాను, అది తప్పకుండా చదవండి.

అమ్మకు 61 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి చాలాకాలంగా ఉంది. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ వేసుకుంటే కడుపులో మంట అని మానేసింది. తన బాధ చూడలేక వెతికి వెతికి ఆ డబ్బా తెప్పించింది నేనే. మూడో రోజుకల్లా అమ్మ పట్టుకోకుండా మెట్లు దిగింది. ఏళ్ళ తరబడి ఉన్న నొప్పి మూడు రోజుల్లో మాయమైతే అనుమానం రావాలి. నాకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగినంత సంతోషం వేసింది. ఇంకో మూడు డబ్బాలు ఆర్డర్ పెట్టి, ఫైవ్ స్టార్ రివ్యూ కూడా రాశాను.

అలా పద్నాలుగు నెలలు వాడింది. ఈలోగా ఆకలి పెరిగింది. ముఖం గుండ్రంగా నిండింది. చూసినవాళ్ళంతా ఒళ్ళు చేసింది, బాగుంది అన్నారు. చెయ్యి ఎక్కడైనా కాస్త తగిలితే చాలు, చర్మం నల్లగా కమిలేది. ఎప్పుడూ లేని షుగర్ రక్తపరీక్షలో కనిపించింది. కడుపులో మంట మళ్ళీ మొదలైతే గ్యాస్ మాత్ర రోజూ వేసుకోవడం అలవాటైంది. దేనికది విడిగా చూసి, వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం. ఒకరోజు నీళ్ళ బకెట్ ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. నరం పట్టేసిందనుకుని రెండు వారాలు కాపడం పెట్టాం. తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాం. వెన్నుపూస ఒకటి నలిగి కుదించుకుపోయి ఉంది. బకెట్ ఎత్తినందుకే ఎముక విరిగింది.

ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నడుము దగ్గర టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువ వయసువారి ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.6 వచ్చింది. మైనస్ 1 దాకా మామూలే. అక్కడినుంచి మైనస్ 2.5 లోపు ఉంటే ఎముక పలచబడుతోందని అర్థం. మైనస్ 2.5కి చేరినా, ఇంకా కిందికి దిగినా ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం, అంటారు.

మొదట చూసిన డాక్టర్ ఏం మందులు వాడుతున్నారని అడిగితే బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర అని చెప్పాను. ఆ డబ్బా సంగతి చెప్పలేదు. దాచాలని కాదు, నా లెక్కలో అది మందే కాదు. తర్వాత చూపించిన హార్మోన్ల డాక్టరుగారు ప్రశ్న వేరేలా అడిగారు. “అమ్మ రోజూ నోట్లో వేసుకునేవన్నీ, డబ్బాలతో సహా ఒక సంచిలో వేసుకుని తీసుకురండి” అన్నారు. ఆ సంచి మా అమ్మను కాపాడింది. ఆ డబ్బా చూసి, అమ్మ ముఖం చూసి, పొద్దున్నే చేసే కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టిరాయిడ్ హార్మోన్) పరీక్ష రాశారు. అది ఉండవలసినదానికంటే బాగా తక్కువగా వచ్చింది. బయటినుంచి స్టిరాయిడ్ అందుతుంటే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తాము మానేస్తాయట. మాత్రలను ల్యాబ్‌కు పంపిస్తే అందులో డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్, దాంతోపాటు డైక్లోఫెనాక్ బయటపడ్డాయి. లేబుల్ మీద రెండిటి పేరూ లేదు. ఏ మందు పడదని అమ్మ మానేసిందో, అదే మందును పద్నాలుగు నెలలు నా చేత్తో ఇచ్చాను.

ఇది మా ఒక్కరికే జరిగింది కాదు. ఇలాంటి కీళ్ళనొప్పుల ఉత్పత్తుల్లో సరిగ్గా ఈ రెండు మందులే దొంగచాటుగా కలిపారని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

ఎముకకు ఇది ఏం చేస్తుందో డాక్టరుగారు చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. ఎముకలో పాతదాన్ని తొలిచే కణాలు, కొత్తది కట్టే కణాలు ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. స్టిరాయిడ్ ఆ కట్టే కణాలను దెబ్బతీస్తుంది. తొలిచే పని మాత్రం ఆగదు. పైగా పేగుల్లో కాల్షియం సరిగా ఒంటబట్టదు, మూత్రంలో ఎక్కువగా పోతుంది. నష్టం మొదటి నెలల్లోనే వేగంగా జరుగుతుంది. స్కాన్‌లో సాంద్రత పెద్దగా తగ్గకముందే విరిగే ప్రమాదం పెరగవచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్‌ను రోజుకు 2.5 మిల్లీగ్రాములే అయినా మూడు నెలలు దాటి వాడితే ఎముకల సంగతి చూడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. డెక్సామెథసోన్ దానికంటే చాలా ఘాటు. 0.75 మిల్లీగ్రాములు ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములతో సమానం. మాత్రలో రవ్వంత కలిపితే చాలు.

ఇక ఆపడం గురించి. గ్రంథులు నిద్రపోయి ఉన్నప్పుడు ఒక్కసారిగా ఆపేస్తే శరీరానికి కార్టిసాల్ అందదు. వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. అమ్మకు ఆ డబ్బా మాన్పించి, తెలిసిన మోతాదులో స్టిరాయిడ్ ఇచ్చి, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించారు. మీరు కూడా డబ్బా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

స్టిరాయిడ్ అంటేనే విషం అని నేను అనడం లేదు. ఉబ్బసం, లూపస్, రుమటాయిడ్ లాంటి జబ్బుల్లో అది ప్రాణాలు నిలబెడుతుంది. డాక్టర్ ఇచ్చినప్పుడు ఎంత ఇస్తున్నారో తెలుసు, ఎముకలకు రక్షణగా ఏం వాడాలో చూసుకుంటారు. మా ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

గ్యాస్ మాత్ర గురించి కూడా అప్పుడే తెలిసింది. ఒమెప్రజోల్ లాంటివి ఎక్కువ మోతాదులో గానీ, ఏడాది దాటి గానీ వాడేవారిలో తుంటి, మణికట్టు, వెన్ను విరగడం ఎక్కువగా కనిపిస్తోందని ఎఫ్‌డీఏ 2010లోనే చెప్పింది. దాంతోపాటు అమ్మ వేసుకుంటున్నది కాల్షియం కార్బొనేట్. అది ఒంటబట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆ ఆమ్లాన్నే ఈ మాత్ర తగ్గిస్తుంది. సిట్రేట్ రకానికి ఆ ఇబ్బంది లేదని డాక్టరుగారు మార్చారు. కొనేటప్పుడు లేబుల్ కూడా చూడండి: 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అంటే అసలు కాల్షియం 500 మాత్రమే.

ఇంత జరిగాక కూడా నేను రెండోసారి పడబోయాను. ‘స్కాన్‌లో తేడా మీరే చూస్తారు’ అంటూ ఎముకల బలానికి ఒక క్యాప్సూల్ అమ్ముతున్నారు, రిపోర్టుల ఫొటోలతో సహా. అందులో ఉన్నది స్ట్రాన్షియం. అది ఎముకలో చేరుతుంది. కాల్షియం కంటే బరువైన మూలకం కావడంతో ఎక్స్‌రే కిరణాలను ఎక్కువగా ఆపుతుంది. దాంతో డెక్సా స్కోరు ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. అంటే రిపోర్టులో పెరిగినదంతా ఎముక బలం కాదు. మందుగా వాడిన స్ట్రాన్షియం రానిలేట్‌కు గుండె ప్రమాదం ఉందని యూరప్‌లో 2014లో వాడకాన్ని బాగా కట్టడి చేశారు. ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే స్కాన్ చేయించేముందు ఆ విషయం చెప్పండి.

‘విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుంది’ అనే మాట కూడా నమ్మకండి. విటమిన్ ఎ రెటినాల్ రూపంలో ఎక్కువకాలం ఎక్కువగా తీసుకుంటే ఎముకకు చేటు. పెద్దవాళ్ళకు రోజుకు 3000 మైక్రోగ్రాములు దాటకూడదు. వేరువేరు డబ్బాల్లో ఉన్నది కలిపి లెక్కేసుకోండి. విటమిన్ డి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో, పెద్దవయసు స్త్రీలు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. అది 2010లో వచ్చింది.

డాక్టర్ రాసే మందుల్లోనూ ఎముకను బలహీనపరిచేవి కొన్ని ఉన్నాయి: అవసరానికి మించిన థైరాయిడ్ మాత్ర, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, రొమ్ము క్యాన్సర్‌కు లెట్రొజోల్, ప్రొస్టేట్ క్యాన్సర్ హార్మోన్ ఇంజెక్షన్లు, మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్. ఇవి మానేయమని కాదు, ఎముకల పరీక్ష గురించి అడగమని చెబుతున్నాను. డెనోసుమాబ్ సంగతి ఇంకోలా ఉంటుంది. అది ఆరు నెలలకోసారి వేసే, ఎముకను కాపాడే ఇంజెక్షనే, కానీ ఆ గడువు దాటించి వదిలేస్తే పెరిగిన సాంద్రత త్వరగా జారిపోయి వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. అలాగే తప్పంతా మందుదేనని తేల్చేముందు అమ్మకు పారాథైరాయిడ్, థైరాయిడ్, కిడ్నీ, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) పరీక్షలన్నీ చేశారు.

అమ్మినవాళ్ళకు ల్యాబ్ రిపోర్ట్ పంపించాను. ‘మాది ప్రకృతి సిద్ధమైనది, మీరు వేరే ఏదో వాడి ఉంటారు’ అని ఒక్క లైన్ జవాబు వచ్చింది. తర్వాత ఫోన్ ఎత్తలేదు. నా పాత ఫైవ్ స్టార్ రివ్యూను మార్చి జరిగింది రాస్తే రెండు రోజుల్లో తీసేశారు. అమ్మ ఇప్పుడు నడుస్తోంది, కానీ రెండు సెంటీమీటర్లు పొట్టి అయింది. మోకాళ్ళ నొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి ఫిజియోథెరపీతో నెమ్మదిగా తగ్గిస్తున్నారు.

మీ దగ్గర ఇలాంటి డబ్బా ఉంటే దయచేసి పారేయకండి. బ్యాచ్ నంబర్, బిల్లు, మిగిలిన మాత్రలు అన్నీ దాచండి. డబ్బాకు నాలుగువైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. మేము ల్యాబ్‌కు పంపగలిగినా, ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయగలిగినా, అది అడుగున మిగిలిపోయిన పదకొండు మాత్రలు ఉండబట్టే.