హెస్కెట్ న్యూమార్కెట్‌లో ఊరివాళ్లే కొనుక్కున్న పబ్

ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ అంటే మనవాళ్లంతా విండర్‌మియర్, కెస్విక్ చూసి వచ్చేస్తారు. మేం ఈసారి ఉత్తరపు అంచున, కార్‌లైల్‌కి దక్షిణాన ఉన్న హెస్కెట్ న్యూమార్కెట్‌కి వెళ్లాం. చాలా చిన్న ఊరు. మధ్యలో పొడవుగా పచ్చిక, అటూ ఇటూ రాతి ఇళ్లు, ఎప్పుడో ఆగిపోయిన సంతకి గుర్తుగా మార్కెట్ క్రాస్ అనే పాత కట్టడం.

సంత నడిచిన రోజుల్లో ఇక్కడ వేరే పబ్బులూ ఉండేవి. వాటిలో క్వీన్స్ హెడ్ అనే దాంట్లో 1857లో ఇంగ్లిష్ రచయితలు చార్లెస్ డికెన్స్, విల్కీ కాలిన్స్ దిగారు. పక్కనే ఉన్న క్యారక్ ఫెల్ కొండెక్కి, పొగమంచులో దారి తప్పి, కాలిన్స్ చీలమండ బెణికించుకుని కిందికి చేరారు. ఆ క్వీన్స్ హెడ్ ఇప్పుడు మామూలు ఇల్లు, లోపలికి వెళ్లి చూసేదేమీ లేదు. ఇంగ్లండ్ పల్లెల్లో ఇలా ఇళ్లయిపోయిన పబ్బులు ఎన్నో. సూపర్ మార్కెట్లో బీరు చవగ్గా దొరుకుతుంటే ఊళ్లో పబ్ నిలబడటం కష్టమే మరి.

మిగిలింది ఓల్డ్ క్రౌన్. ఇది అమ్మకానికి వచ్చినప్పుడు ఎవరో బయటి కంపెనీ చేతిలో పడకూడదని వంద మందికి పైగా తలా కొంత డబ్బు వేసి 2003లో సహకార సంఘంగా కొనేశారు. బ్రిటన్‌లో అలా కొన్న మొదటి పబ్ ఇదే అంటారు. ఎవరెస్ట్ నైరుతి ముఖం ఎక్కిన 1975 బృందానికి నాయకుడు క్రిస్ బానింగ్టన్ కూడా ఈ చుట్టుపక్కల మనిషే, ఇందులో సభ్యుడు. వెనక కొట్టంలో 1988లో మొదలైన బ్రూవరీని (బీరు తయారుచేసే చోటు) అంతకుముందే, 1999లో, ఇంకో సహకార సంఘం తీసుకుంది. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే: ఊరు తన పబ్‌ని తనే కాపాడుకుంది.

లోపల గదులు చిన్నవి, పైకప్పు తక్కువ ఎత్తు. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, కౌంటర్ దగ్గరే చెప్పి డబ్బు కట్టాలి. బీర్లకి హేస్టాక్స్, స్కిడా లాంటి లేక్ డిస్ట్రిక్ట్ కొండల పేర్లు. ఏది తీసుకోవాలో తేలక అడిగితే చిన్న గ్లాసులో రుచి చూపించారు. చేత్తో పంప్ లాగుతుంటే బీరు మెల్లగా, పైన సన్నని నురగతో నిండుతుంది. మన దగ్గరలా ఐసు చల్లగా ఉండదు, నేలమాళిగ చల్లదనమే. మొదటి గుక్కకి వింతగా అనిపించినా, సగం గ్లాసయ్యేసరికి ఆ చేదు, మాల్ట్ వాసన బాగా తెలిసొచ్చాయి. ముందు హాఫ్ పింట్, అంటే సగం కొలత గ్లాసు, తీసుకోండి, నచ్చితే ఇంకోటి.

మేం బస చేసింది దగ్గర్లోని ఒక బీ అండ్ బీలో (గది, పొద్దున బ్రేక్‌ఫాస్ట్ ఇచ్చే చిన్న బస). బ్రేక్‌ఫాస్ట్ బాగుంది కానీ రాత్రి హీటింగ్ ఆపేశారు, పిల్లలు చలికి నిద్రపోలేదు, చెప్పినా పట్టించుకోలేదు. ఆ డబ్బుకి అది అన్యాయం. బుక్ చేసేముందు ఈ మాట తప్పకుండా అడగండి. పక్క ఊరు కాల్డ్‌బెక్‌లో ఆడ్‌ఫెలోస్ ఆర్మ్స్ అనే పబ్ ఉంది, అక్కడ గదులు కూడా ఇస్తారు. మళ్లీ వెళ్తే దాన్నే చూస్తాను.

కారు లేకుండా కష్టం, రైలు దిగాల్సింది పెన్రిత్‌లోనో కార్‌లైల్‌లోనో. డ్రైవ్ చేసేవాళ్లు బీరు జోలికి పోవద్దు. పల్లెటూరి పబ్బుల్లో వంటగది కొన్ని రోజులు మూసే ఉంటుంది, రాత్రి కూడా తొందరగా కట్టేస్తారు, కాబట్టి భోజనం అక్కడే అనుకుంటే, ముఖ్యంగా శాకాహారులైతే, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.