అనంతపురం ఆసుపత్రికి ఏది మేలు: మూడూ ఇచ్చే ఇంజనా, మేడ మీది సౌరఫలకలా?

అనంతపురంలో నూరు పడకల ఆసుపత్రి నడుపుతున్న ఒక డాక్టరు గారు, కరెంటు, వేడినీళ్లు, చల్లదనం మూడూ ఒకే యంత్రం ఇస్తుందట, పెట్టించుకోవచ్చా అని నన్ను అడిగారు. జవాబు చెప్పే ముందు ఆసుపత్రి వెనక్కి వెళ్లి చూశాను. కరెంటు పోయి జనరేటరు నడుస్తోంది. దాని రేడియేటరు వదిలే గాలి సూటిగా తగిలే వైపు వేపచెట్టు ఆకులు మాడిపోయి ఉన్నాయి. ఆ గోడకు ఇవతలే, బట్టలుతికే గదిలో, కరెంటు గీజర్లు నీళ్లు కాస్తున్నాయి. మేడ మీద ఏసీ యూనిట్లు వరుసగా వేడిగాలిని బయటికి తోస్తున్నాయి. ఒకచోట వేడిని పారబోస్తూ, పది అడుగుల దూరంలో అదే వేడిని డబ్బిచ్చి కొంటున్న ఆ దృశ్యం చూస్తే, ఆయన ప్రశ్న సరైనదేనని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇది ఒక్క ఆసుపత్రి సంగతి కాదు. కడప జిల్లాలో ముద్దనూరు దగ్గరున్న 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రంతో సహా, బొగ్గు కేంద్రాలన్నీ బొగ్గులోని వేడిలో మూడో వంతుకు కాస్త పైగా మాత్రమే కరెంటుగా మార్చగలవు. మిగిలిందంతా పొగగొట్టం గుండా, కూలింగ్ టవర్ల ఆవిరిగా ఆకాశంలో కలిసిపోతుంది. కరెంటు తీగ మీద వందల మైళ్లు పోతుంది గాని, వేడి అంత దూరం పోలేదు. అందుకే వాడుకునే చోటనే చిన్న ఇంజను పెట్టి, దాని వేడిని కూడా వాడుకోవాలన్న ఆలోచన పుట్టింది. డెన్మార్క్ 1979లోనే దీనికోసం చట్టం చేసి, ఊళ్లకు ఊళ్లనే వేడినీటి గొట్టాలతో కలిపింది. కాని అక్కడి జనానికి కావలసింది చలికాలంలో ఇల్లు వెచ్చబడటం. మనకు కావలసింది చల్లదనం. తేడా అంతా ఇక్కడే వస్తుంది.

వేడితో చల్లదనం ఎలా పుడుతుందన్నది చాలామందికి ఉండే సందేహం. అబ్సార్ప్షన్ చిల్లర్ అనే చల్లబరిచే యంత్రంలో లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు ద్రావణం ఉంటుంది. వానాకాలంలో ఉప్పు తేమను పీల్చుకున్నట్టే, ఇది నీటి ఆవిరిని ఆబగా పీల్చుకుంటుంది. గాలి దాదాపు లేని ఆ పెట్టెలో నీరు ఐదారు డిగ్రీల దగ్గరే మరిగి, చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. తేమ పట్టిన ద్రావణాన్ని మళ్లీ ఎండబెట్టడానికే ఇంజను వేడి కావాలి. 90 డిగ్రీల వేడినీళ్లయినా సరిపోతాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. గ్యాస్ ఇంజనులో 100 పాళ్ల ఇంధనం కాలిస్తే సుమారు 38 పాళ్లు కరెంటు, 40 పాళ్లు పట్టుకోదగ్గ వేడి వస్తాయి. ఆ 40 పాళ్లనూ వేడినీళ్లుగా వాడుకుంటే మొత్తం 78 పాళ్లు పనికొచ్చినట్టు. ఇది గొప్ప సంగతే. అదే వేడిని చల్లదనంగా మారిస్తే, ఒక పాలు వేడికి 0.7 పాలు చొప్పున 28 పాళ్ల చల్లదనమే దక్కుతుంది. మామూలు కరెంటు చిల్లర్ ఒక యూనిట్ కరెంటుతో మూడు నాలుగు యూనిట్ల చల్లదనం ఇస్తుంది కనుక, ఆ 28 పాళ్లను అది ఏడు నుంచి తొమ్మిది పాళ్ల కరెంటుతోనే సాధిస్తుంది. అంటే 40 పాళ్ల వేడి చల్లదనంగా మారేసరికి తొమ్మిది పాళ్ల కరెంటు విలువకు పడిపోయిందన్నమాట. ఊరికే పోయే వేడి అయితే ఇది లాభమే; చల్లదనం కోసమే ఇంధనం కొని తగలబెట్టడం మాత్రం నష్టం.

దానికంటే పెద్ద చిక్కు నీళ్లు. వంద కిలోవాట్ల చల్లదనం ఇచ్చే అబ్సార్ప్షన్ చిల్లర్ తాను లాగిన వేడితో పాటు తనకిచ్చిన వేడిని కూడా బయటికి వదలాలి కాబట్టి, కూలింగ్ టవరులో గంటకు దాదాపు 360 లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ గనుక గొట్టాల్లో పెచ్చు కట్టకుండా కొంత నీటిని ఎప్పటికప్పుడు వదిలేయాలి. అదీ కలిపితే రోజంతా నడిచే యంత్రానికి రెండు ఐదువేల లీటర్ల ట్యాంకర్లు చాలవు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, మే నెలలో రోగులకే నీళ్లు కొని తెచ్చే ఆసుపత్రిలో, ఇది చిన్న మాట కాదు. గాలితో చల్లబడే కరెంటు చిల్లర్‌కు చుక్క నీరు అక్కర్లేదు. ఎండ 42 డిగ్రీలకు చేరినప్పుడు దాని పనితనం తగ్గుతుందన్నది నిజమే. అయినా నేను ఆ నష్టాన్నే ఒప్పుకుంటాను.

అయితే ఆ చిల్లర్‌కు కరెంటు ఇవ్వాల్సిన సౌరఫలకల వైపు అంతా బాగుందని కూడా చెప్పలేను. మన ఎండకు ఒక కిలోవాటు ఫలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల కరెంటు ఇస్తాయి, వంద చదరపు అడుగుల చోటు అడుగుతాయి. ఆ ఆసుపత్రికి పగలూ రాత్రీ కలిపి రోజుకు రెండువేల యూనిట్ల చల్లదనం కావాలనుకుంటే, దానికే 650 యూనిట్లకు పైగా కరెంటు, అంటే 160 కిలోవాట్ల ఫలకలు, పదహారు వేల చదరపు అడుగుల చోటు కావాలి. వాళ్ల మేడ అందులో సగం కూడా లేదు. కాబట్టి మిగతాది లైను కరెంటు మీదే ఆధారపడాలి. రాత్రి కోసం ఖరీదైన బ్యాటరీలు కొనే బదులు, పగటి కరెంటుతో నీటిని గడ్డకట్టించి దాచుకోవచ్చు: టన్ను మంచు కరిగితే 93 యూనిట్ల చల్లదనం వస్తుంది కనుక, తొమ్మిది టన్నుల మంచు ట్యాంకుతో రాత్రి ఎనిమిది గంటలు గడుస్తాయి. మంచు కట్టించాలంటే చిల్లర్ సున్నాకు దిగువన నడవాలి కాబట్టి కొంత కరెంటు ఎక్కువే తాగుతుంది.

వేడి సంగతిలో చాలామంది గమనించనిది ఒకటుంది. ఏసీలు మేడ మీద పారబోసే వేడి కూడా వేడే. చిల్లర్‌లో ఆ వేడిని నీటికి అందించే పరికరం ఒకటి కలిపితే 50 డిగ్రీల నీళ్లు దాదాపు ఉచితంగా వస్తాయి. స్నానాలకు, బట్టలకు అవి చాలు. మంట లేకుండానే చల్లదనం, వేడి ఒకే యంత్రంలో దొరుకుతున్నాయి. ఆపరేషను పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవుకు మాత్రం 121 డిగ్రీల ఆవిరి కావాలి. దానికి విడిగా చిన్న కరెంటు బాయిలర్ ఉండాల్సిందే.

ఇదే ప్రశ్న వేరుశనగ నూనెమిల్లు యజమాని అడిగి ఉంటే నా జవాబు తిరగబడేది. గింజలు ఉడికించడానికి ఆవిరి ఎలాగూ కావాలి, చెనక్కాయ పొట్టు మిల్లులోనే గుట్టలుగా పడి ఉంటుంది, బాయిలర్ ఎలాగూ నడుస్తుంది. అక్కడ మిగిలిన వేడితో పక్కనే టమాటా గిడ్డంగిని పది పన్నెండు డిగ్రీల దగ్గర ఉంచడం లిథియం బ్రోమైడ్ యంత్రానికి తేలిక. ధర పడిపోయి పత్తికొండ రైతులు రోడ్డు మీద టమాటా పారబోసిన రోజులు చూసిన వాళ్లకు ఆ గిడ్డంగి విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు బట్టీల వేడిదీ ఇదే తీరు. అక్కడ చల్లదనం కోసం కొత్తగా మంట పెట్టాల్సిన పని లేదు. పొట్టును బయట కొనాల్సి వస్తే మాత్రం ఇటుక బట్టీలతో పోటీపడి కొనాలి, లెక్క మళ్లీ మారుతుంది.

డాక్టరు గారికి సౌరఫలకలు, గాలి చిల్లర్, వేడిని పట్టే పరికరం, చోటుంటే మంచు ట్యాంకు, ఈ వరుసలో చేయించమని చెప్పాను. జనరేటరును తీసేయవద్దన్నాను, రోజుకు గంటో రెండు గంటలో నడిచే దాని వేడి కోసం అబ్సార్ప్షన్ చిల్లర్ కొనడం దండగ. ఆయనకు ఇంకా ఇంజను మీదే మనసుంటే, కంపెనీ వాళ్లను కొటేషను అడిగే ముందు, మే నెల మధ్యాహ్నం తన బోరు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందో బకెట్టు, గడియారం పెట్టి కొలిపించమన్నాను.